గాయమైనోని పేరొక్కటే రాస్తే సాలదు, ఇంటోళ్ల పేర్లు సుత ఎక్కియ్యాలె

పాత మిలట్రీ కాయితాలు సదివి కంప్యూటర్ల ఎక్కించే పని మన దిక్కున అక్కడక్కడ నడుస్తున్నది. కొందరు కాలేజీ పిల్లలు, కొందరు రిటైరైన సార్లు, కొందరు తమ తాత పల్టన్ల పనిచేసిండని తెలిసి ఆయన జాడ దేవులాడేటోళ్లు. నేను సుత అసొంటోన్నే. నాకు ఉర్దూ సదువొస్తది, ఇంగ్లీషు చేతిరాత పోల్చుకుంట. అందుకే కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కున్నోళ్లు ఇంట్ల పాత సందుగల దొరికిన కాయితాలు తెచ్చి సూపెడ్తుంటరు. అట్ల సూసిన అనుభవంతోని ఒక ముచ్చట చెప్పాలనుకుంటున్న.

ఎక్కించేటోళ్లు ఎక్కువ మంది ఐదు గడ్లు నింపి ఆగిపోతున్నరు. నంబరు, ర్యాంకు, పేరు, పల్టన్, గాయమైన తారీకు. గంతే. కాయితం మీద దాని కింద ఇంకో రెండు లైన్లుంటయి. ఫలానోని కొడుకు, ఫలాన మౌజె, ఫలాన తాలూకా, వారసులెవరు, పైసలు ఎవలికి పంపాలె. అవి సన్న అక్షరాలల్ల ఉంటయి, సదువుడు కష్టం, పైంగ ఒకటే ఊరి పేరు పది తీర్లుగ రాసి ఉంటది. "ఇవి మనకెందుకు సార్, అసలు సమాచారం వచ్చింది గదా" అని ఇడిసిపెడ్తరు. నేనంటున్నది ఏందంటే, గాయపడ్డోని విషయంల ఆ రెండు లైన్లే అసలు సమాచారం. అవి లేకుంటే మిగిలిన ఐదు గడ్లు ఎవలికీ అక్కెరకు రావు.

సచ్చినోళ్లకు రాయి, గాయమైనోళ్లకు కాయితం

మొదటి ప్రపంచ యుద్ధంల మన దేశం నుంచి పది లక్షలకు పైన మంది సముద్రం దాటిపోయిండ్రు. అందుల 74 వేల మంది దాకా సచ్చిపోయిండ్రు. గాయమైనోళ్లు 60 వేలకు పైనే. రెండో యుద్ధం నాటికి ఫౌజు 25 లక్షలకు పెరిగింది. సచ్చినోళ్లు 87 వేలు, గాయమైనోళ్లు దాదాపు 64 వేలు.

సచ్చినోళ్ల పేర్లు రాళ్ల మీద సూడొచ్చు. ఫ్రాన్సుల నవ్ షాపెల్ కాడ 1927ల కట్టిన స్మారకం మీద 4,700కు పైన మనోళ్ల పేర్లున్నయి. సింగపూర్ల క్రాంజి కాడ 24 వేల పేర్లున్నయి, అందుల అన్ని దేశాలోళ్లున్నరు. ఢిల్లీల ఇండియా గేట్ మీద 13 వేలకు పైన పేర్లు చెక్కిండ్రు. వీటిని సూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అనే సంస్థ ఒక్కొక్క పేరుకు ఇంటర్నెట్ల ఒక పేజీ పెట్టింది. ఆ పేజీల సుత "ఫలానోని కొడుకు, ఫలాన ఊరు" అని తండ్రి పేరు, ఊరు పేరు మస్తు కాడ ఉంటది.

మరి గాయమైనోళ్లకు? వాళ్లకు ఏ రాయీ లేదు. కాలో చెయ్యో పోగొట్టుకొని ఇంటికొచ్చిండ్రు. ఊర్ల "మిల్ట్రాయన" అనో, "కుంటాయన" అనో పిలిచిండ్రు. అసలు పేరు ఇంట్లోళ్లకే యాదికుండదు. కాయితం మీద పేరున్నది, మనిషి లేడు. ఊర్ల మనిషి యాది ఉన్నది, పేరు లేదు. ఈ రెండిటినీ కలిపే తాడు ఒక్కటే: తండ్రి పేరు, భార్య పేరు, ఊరు పేరు. ఆ తాడును మనమే తెంపి పారేస్తే ఇగ ముడేసేటోడు దొరకడు.

ఏ కాయితంల ఏముంటది

అన్ని కాయితాలు ఒక్కతీరుగ ఉండవు. ఎందుల ఏం దొరుకుతదో ఎరుకుంటే దేవులాడుడు అల్కగైతది.

ఒకటి, క్యాజువల్టీ లిస్టు. యుద్ధం నడుస్తున్నప్పుడు సచ్చినోళ్లు, గాయమైనోళ్లు, కనబడకుంట పోయినోళ్ల పేర్లు రాసే పట్టీ. పేరు పక్కన "డబ్ల్యూ" అక్షరం ఉంటే గాయమైండని. "డి ఆఫ్ డబ్ల్యూ" అని ఉంటే ఆ గాయంతోనే తర్వాత పానం పోయిందని. ఒకే మనిషి ముందుగాల గాయమైనోళ్ల పట్టీల, రెండు నెల్లకు సచ్చినోళ్ల పట్టీల కనవడొచ్చు. సూసుకోకుంట ఎక్కిస్తే ఒక్కడు ఇద్దరైతడు.

రెండు, దవాఖాన రిజిస్టరు. బ్రిటిష్ ఫౌజు దవాఖానలల్ల నంబరు, ర్యాంకు, వయసు, నౌకరీ ఎన్ని నెలలు, రోగమో గాయమో, ఎప్పుడొచ్చిండు, ఎప్పుడు పోయిండు అని గడ్లుంటయి. మతానికి గడి ఉన్నది గని, అవ్వ పేరుకు, అయ్య పేరుకు గడి లేదు. ఆనాటి రిజిస్టర్లు అన్నీ మిగల్లేదు సుత. లండన్ల దాచింది నమూనా కోసం ఏరి పెట్టిన కొన్నే. ఇసొంటి కాయితంల పేరు దొరికితే సంబురపడి ఆగొద్దు. అది సగం కాయితమే.

మూడు, షీట్ రోల్, లాంగ్ రోల్. ఇవి మన ఇండియన్ ఆర్మీ రికార్డులు. షీట్ రోల్ల సిపాయి బతుకంత ఉంటది. తండ్రి పేరు, ఊరు, తపాలా ఆఫీసు, పోలీసు టాణా, కులం, ఒంటి మీద గుర్తులు, వారసులెవరు, పెండ్లి, పిల్లలు, గాయాలు. పల్టన్ రికార్డు ఆఫీసుల ఉంటది. కాకపోతే ఒక తిరకాసున్నది. పింఛను రాని సిపాయి షీట్ రోల్‌ను 25 ఏండ్లు దాటినంక కాలవెట్టే పద్ధతి ఉండె. లాంగ్ రోల్ల ఒక్క లైను మాత్రం మిగులుతది. రెండో యుద్ధం అయిపోంగనే ఇంటికి పంపిన లక్షల మందికి పింఛను రాలేదు. అంటే వాళ్ల కాయితాలు ఎప్పుడో బూడిదైనయి.

నాలుగు, డిశ్చార్జి బుక్కు, పింఛను పుస్తకం. ఇవి సిపాయి చేతికిచ్చినవి. ఆఫీసుల కాయితం పోయినా ఇవి ఇంట్ల సందుగల, దేవుని అర్రల, దూలాల సందుల మిగిలినయి. అందుకే ఇంట్ల దొరికిన చిరిగిపోయిన పుస్తకాన్ని తక్కువ సూడొద్దు. లోకంల ఆ మనిషి గురించి మిగిలిన ఒకేఒక్క కాయితం అదే కావొచ్చు.

హైదరాబాద్ అని ఉంటే హైదరాబాదోడే గాదు

కాయితం మీద "హైదరాబాద్" అని కనవడంగనే మనోడే అనుకుంటరు. జర ఆగాలె.

హైదరాబాద్ పేరు మీద ఒక పెద్ద రెజిమెంటు ఉండె. 1813ల ఇక్కడి రెసిడెంట్ హెన్రీ రస్సెల్ పేరు మీద మొదలైన రస్సెల్ బ్రిగేడ్ దానికి మూలం. నిజాం పైసలతోని నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ 1903ల ఇండియన్ ఆర్మీల కలిసింది. 1922ల 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యింది. 1945ల అదే కుమావూ రెజిమెంట్ అయ్యింది. ఇయ్యాల దాని సెంటర్ ఉత్తరాఖండ్ రాణీఖేత్ల ఉన్నది. ఆ రెజిమెంటుల చేరినోళ్లు ఎక్కువ ఉత్తరాది వాళ్లే. అట్లనే 20వ దక్కన్ హార్స్. 1916 జూలైల ఫ్రాన్సుల హైవుడ్ కాడ గుర్రాల మీద దూకిన పల్టన్. పేర్ల దక్కన్ ఉన్నది గని అందుల సిక్కులు, జాట్లు సుత ఉన్నరు.

ఇంకోటి నిజాం సొంత ఫౌజు. హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతోని కలిసి ఒకే బ్రిగేడుల పాలస్తీనా దిక్కు కొట్లాడిండ్రు. ఢిల్లీల 1922ల నిలవెట్టిన తీన్‌మూర్తి విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సిపాయిల యాదికే. రెండో యుద్ధంల నిజాం ఫౌజులోని ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీని మలయాకు పంపిండ్రు. 1941 డిసెంబర్ల జపానోళ్లు దిగినప్పుడు వాళ్లు కోట భారు విమానాల అడ్డ కాడ కాపలున్నరు.

ఇగ మూడో హైదరాబాద్ సింధుది. అది ఇప్పుడు పాకిస్తాన్ల ఉన్నది. పట్టీల ఉత్త "హైదరాబాద్" అని ఉంటే ఏ హైదరాబాదో చెప్పేది ఎట్ల? తాలూకా, ఊరు, తండ్రి పేరు సూసే చెప్పాలె. ఇంటోళ్ల లైను ఇడిసిపెడ్తే సింధు మనిషిని తెచ్చి సిరిసిల్లల కూసోబెడ్తం.

మన జిల్లాల పేర్లే మస్తు సార్లు మారినయి

కరీంనగర్ జిల్లాకు 1905 దాకా ఎల్గందుల జిల్లా అని పేరు. ఇంగ్లీషోళ్లు దాన్ని ఎల్గండెల్ అని ఒక తీరు, యెల్గండల్ అని ఒక తీరు రాసిండ్రు. ఆదిలాబాద్ అంతకు ముందు సిర్పూర్-తాండూర్ కింద ఉండె, 1905ల జిల్లా అయ్యింది. 1913 నుంచి 1941 దాకా ఆసిఫాబాద్ జిల్లా కేంద్రంగ ఉన్నది. 2016 దసరా నాడు రెండు జిల్లాలు మల్ల ముక్కలైనయి. కరీంనగర్ల కెల్లి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ఒచ్చినయి, కొన్ని మండలాలు వేరే జిల్లాలకు పోయినయి. ఆదిలాబాద్ల కెల్లి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ ఒచ్చినయి.

అంటే ఒక్క ఊరోడే మొదటి యుద్ధం కాయితంల ఒక జిల్లోడు, రెండో యుద్ధం కాయితంల ఇంకో జిల్లోడు, ఇయ్యాల వాని మునిమనుమని ఆధార్ కార్డుల మూడో జిల్లోడు. అందుకే కాయితం మీద ఏ జిల్లా ఉన్నదో అదే రాయాలె. ఇప్పటి జిల్లా పక్కన వేరే గడిల రాయాలె. పాతదాన్ని కొట్టేసి కొత్తది రాస్తే, తర్వాత సూసేటోడు అసలు కాయితం ఎన్నటికీ పట్టుకోలేడు.

ఊరి పేర్లు ఇంకో చిక్కు. రాంపూర్లు, కొత్తపల్లెలు మన దగ్గర ఎన్నున్నయో లెక్క లేదు. తాలూకా రాయకుంటే ఏ రాంపూర్ అని తెల్వది. కొన్ని ఊర్లు ఇప్పుడు భూమ్మీదనే లేవు. శ్రీరాంసాగర్ కింద మునిగినయి, ఎల్లంపల్లి కింద మునిగినయి, మిడ్ మానేరు కింద మునిగినయి, సింగరేణి ఓపెన్‌కాస్టు కింద కొన్ని పోయినయి. గూగుల్ మ్యాపుల ఊరు దొరకలేదని "తప్పు పేరు" అని రాయొద్దు. ఊరు నీళ్లల్ల ఉన్నా, ఊరోళ్లు పునరావాస కాలనీల ఉన్నరు. తాత పేరు చెప్తే మనుమడు దొరుకుతడు.

ఉర్దూ కాయితంల నాలుగు మాటలు

నిజాం కచేర్ల ఉర్దూ నడిచింది. ఆ కాయితాలల్ల ఇంటోళ్ల సంగతి చెప్పే మాటలు మన రైతులకు కొత్తేం గావు. పాత పహాణీలల్ల, సేత్వార్లల్ల సూసినవే. వలద్ అంటే ఫలానోని కొడుకు. మౌజె అంటే ఊరు. సాకిన్ అంటే ఉండే జాగ. వారిస్ అంటే వారసుడు. జౌజా అంటే భార్య. బేవా అంటే మొగడు సచ్చిన ఆడిమనిషి.

ఒక కష్టమైన జంట ఉన్నది. మజ్రూహ్ అంటే గాయమైనోడు. మర్హూమ్ అంటే సచ్చిపోయినోడు. తొందర తొందరగ రాసిన శికస్తా రాతల రెండు మాటలు ఒక్కతీరుగనే కనవడ్తయి. సుక్కలు పెట్టరు, అక్షరాలు కలిపేస్తరు. అప్పుడు ఎట్ల తేల్చాలె? కింద ఇంటోళ్ల లైను సూడాలె. అక్కడ "జౌజా" అని ఉంటే మొగడు బతికున్నడు, పైమాట మజ్రూహ్ కావాలె. "బేవా" అని ఉంటే పైమాట మర్హూమ్ కావొచ్చు. బతికినోడా, సచ్చినోడా అని చెప్పే సాక్ష్యం భార్య గురించి రాసిన ఒక్క మాటల ఉన్నది. ఆ లైను ఎక్కియ్యకుంట పైది మాత్రమే ఎక్కిస్తే, బతికొచ్చినోన్ని మనం కంప్యూటర్ల సంపుతం.

తారీకు సుత సూసుకోవాలె. నిజాం కచేర్ల ఫస్లీ సాలు నడిచింది. అది అక్టోబర్ల, ఆజూర్ నెలతోని మొదలైతది. ఆజూర్, దై, బహమన్, ఈ మూడు నెలలకు ఫస్లీకి 590 కలపాలె. మిగిలిన తొమ్మిది నెలలకు 591 కలపాలె. ఫస్లీ 1353 బహమన్ అంటే 1943 డిసెంబర్. అదే 1353 ఖుర్దాద్ అంటే 1944 ఏప్రిల్. నెల సూడకుంట సాలు మాత్రమే మారిస్తే ఒక ఏడు తేడా ఒస్తది. ఒక ఏడు తేడా ఒస్తే యుద్ధమే మారిపోతది, పల్టన్ ఉన్న దేశమే మారిపోతది.

ఇద్దరు మల్లయ్యలు

మన పేర్ల సంగతి మనకెరుకే. ఒక్క వాడకట్టుల నలుగురు మల్లయ్యలు, ముగ్గురు రాజయ్యలుంటరు. ఫౌజు గుమాస్తా వాళ్లను మలియా, మల్లయ్య, మాలయ్య అని తోచినట్టు రాసిండు. మనకు ఇంటి పేరు ముందుంటది, ఇంగ్లీషోనికి ఎన్కుంటది. కొన్ని కాయితాలల్ల ఇంటి పేరునే మనిషి పేరు చేసిండ్రు, కొన్నిట్ల తండ్రి పేరును ఇంటి పేరు చేసిండ్రు, మస్తు కాయితాలల్ల ఇంటి పేరే లేదు.

ఒకే పల్టన్ల, ఒకే నెలల ఇద్దరు మల్లయ్యలకు గాయాలైనయనుకోండ్రి. ఒకాయన దవాఖానల సచ్చిపోయిండు, ఒకాయన ఇంటికొచ్చిండు. నంబరు సూసి చెప్పొచ్చు గదా అంటరు. ఒక పల్టన్ల కెల్లి ఇంకో పల్టన్లకు పోతే నంబరు మారొచ్చు, రాసేటోని చేతుల ఒక అంకె సుత తప్పొచ్చు. "వలద్ లింగయ్య, మౌజె చెన్నూర్" ఒకటి, "వలద్ పోశయ్య, మౌజె చెన్నూర్" ఒకటి అని ఉంటే ఇగ అనుమానం లేదు.

ఇది మన తాతలకు ఎరుకైన సంగతే. ఉత్త పేరు పేరే గాదు మన దగ్గర. గొల్ల, కాపు ఇండ్లకు గోత్రాలు చెప్పే పిచ్చకుంట్ల వాళ్లున్నరు, ఇప్పుడు వంశరాజులంటున్నరు. పద్మశాలి ఇండ్లకు కూనపులి వాళ్లున్నరు. మాదిగ ఇండ్లకు డక్కలి వాళ్లున్నరు. ఆదిలాబాద్ అడవులల్ల రాజ్‌గోండుల వంశాలను కీకిరి వాయించుకుంట పాడే పర్ధాన్లున్నరు. వీళ్లెవ్వరూ ఫలానా మల్లయ్య అని ఒక్క మాటల ఊకోరు. ఎవని కొడుకు, ఎవని మనుమడు, ఏ ఊరి నుంచి ఏ ఊరికొచ్చిండ్రు అన్నది చెప్పినంకనే కథ నడుస్తది. కాయితం ఎక్కించే పని సుత గదే. సాధనం కీకిరి కాదు, కీబోర్డు.

ఆడోళ్ల పేర్లు ఎటువాయె

ఇంటోళ్ల గడిల ఎక్కువ ఖాళీ ఉండేది ఆడోళ్ల జాగనే. "వారిస్: జౌజా" అని రాసి పేరు రాయరు. ఇంగ్లీషుల సుత "వైఫ్", "మదర్" అని ఇడిసిపెట్టిండ్రు. కొన్నిట్ల "రాజయ్య తల్లి" అని ఉంటది, ఆమెకు సొంత పేరే లేనట్టు. కాలు పోయి వచ్చిన మొగని సాకింది ఆమెనే, కూలికి వోయింది ఆమెనే, పింఛను కోసం కచేరి సుట్టు తిరిగింది ఆమెనే. కాయితంల మాత్రం ఆమె లేదు.

ఇక్కడ నేను చెప్పేది ఒక్కటే: గడిని ఉత్తగ ఇడిసిపెట్టొద్దు. ఉత్తగ ఇడిసిపెడ్తే, ఎక్కించినోడు సదవలేదా, కాయితంలనే లేదా అన్నది ఎన్కట సూసేటోనికి తెల్వది. "భార్య అని ఉన్నది, పేరు రాయలేదు" అని రాయాలె. పేరు ఉండి సదవరాకుంటే "పేరున్నది, సదవరాలేదు" అని రాయాలె. ఈ రెండు ఒకటి గావు. రెండో దాన్ని రేపు ఇంకొకరు సదవొచ్చు.

మొన్న ఒక పెద్దమనిషి తన తల్లి పేరు నిలవెట్టాలని పాత పింఛను కాయితం తెచ్చిండు. అందుల ఆమె పేరు మూడు కాడ మూడు తీర్లున్నది. మూడూ ఉన్నదున్నట్టు రాసి, పక్కన ఏ పుటల ఏ తీరున్నదో రాసి ఇచ్చిన. ఒక పేరును "సరి" చేసి ఇస్తే సాఫుగ కనవడ్తుండె. కాకపోతే ఆ మూడు తీర్లు ఒక్క మనిషివే అని చెప్పే సాక్ష్యం పోతుండె. ఇప్పటి సిపాయిల ఇండ్లల్ల సుత ఇదే బాధ. పెండ్లి, పిల్లలు, వారసుల సంగతి పార్ట్ టూ ఆర్డర్ అనే కాయితం ద్వారా రికార్డు ఆఫీసుకు పోతది. అందుల ఉన్న భార్య పేరు, పింఛను కాయితంల పేరు, ఆధార్ల పేరు ఒకటి కాకుంటే ఫ్యామిలీ పింఛను కాడ గొడవైతది. అక్షరం తేడా బువ్వ కాడికొస్తది.

ఎట్ల రాయాలె, ఏం రాయొద్దు

నేను పాటించే పద్ధతి చెప్త. నచ్చితే తీసుకోండ్రి.

ముందుగాల ఉన్నది ఉన్నట్టు రాయాలె. తప్పున్నా తప్పే రాయాలె. మన అంచనా పక్క గడిల పెట్టాలె. కాయితం మాట, మన మాట కలవొద్దు.

ఇంటోళ్లకు ఒక్కటే గడి పెట్టొద్దు. తండ్రి, తల్లి, భార్య, వారసులు, పైసలు అందుకున్నోళ్లు, ఇట్ల ఇడివిడిగ పెట్టాలె. వారసులు వేరు, పైసలు అందుకున్నోళ్లు వేరు ఉంటరు. ఆ తేడా వెనుక ఒక ఇంటి కథ ఉంటది.

ఊరు, తాలూకా, జిల్లా మూడూ పాత తీరుగ ఒక వరుస, ఇప్పటి తీరుగ ఒక వరుస రాయాలె. ఇప్పటి ఊరు తేల్చనీకి 1954–55 ఖాస్రా పహాణీ సూడాలె. అందుల పట్టాదారు పేరుకు తండ్రి పేరు సుత ఉంటది. భూమి లేని ఇండ్లు అందుల దొరకవు, అది సుత యాదికుంచుకోవాలె. పహాణీల లేడంటే ఊర్లనే లేడని గాదు.

గాయమెక్కడ అయ్యింది, ఏ దవాఖానకు పోయిండు, మల్ల పల్టన్లకు పోయిండా, ఇంటికి పంపిండ్రా అన్నది తారీకుల వరుసల రాయాలె. ఒక్క మనిషికి ఎన్ని కాయితాలున్నయో అన్నిటి పుట నంబర్లు పెట్టాలె.

కులం గడి సంగతి చెప్పాలె. ఇంగ్లీషోళ్లు కొన్ని కులాలు, జాతులే కొట్లాడేటివని రాసుకొని, భర్తీ సుత అట్లనే చేసిండ్రు. కులం గడి అందుకే ఉన్నది. మన అసలు కాపీల దాన్ని ఉన్నదున్నట్టు ఉంచుకోవాలె, ఎందుకంటె ఎవల్ని పక్కకు పెట్టిండ్రో చెప్పే సాక్ష్యం అదే. నలుగురికి సూపెట్టే కాపీల మాత్రం సోంచాయించి పెట్టాలె. అట్లనే పిచ్చి అని, సుఖరోగమని దవాఖాన కాయితాలల్ల ఉంటయి. బతికున్నోళ్ల పేర్లు, వాళ్ల ఇంటి నంబర్లు, ఫోన్లు ఎన్నడూ బయట పెట్టొద్దు. వారసులను పట్టుకుంటె ముందుగాల వాళ్లను అడగాలె, తర్వాతనే రాయాలె. యుద్ధంల గాయమైనోని ఇంటికి మన కాయితం ఇంకో గాయం చెయ్యొద్దు.

దీనితోని ఏమొస్తది

ఏమొస్తదో పంజాబును సూస్తే తెలుస్తది. మొదటి యుద్ధానికి పోయిన పంజాబోళ్ల పేర్లు ఊరూరికి రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంల దగ్గర దగ్గర వందేండ్లు పడి ఉన్నయి. అందుల 3 లక్షల 20 వేల మంది ఉన్నరు. బ్రిటన్ల ఉండే పంజాబీలు, గ్రీనిచ్ యూనివర్సిటీ వాళ్లు కలిసి వాటిని కంప్యూటర్ల ఎక్కించి 2021ల మూడు జిల్లాలవి బయట పెట్టిండ్రు. ఊరు పేరు కొడితే ఆ ఊరోళ్లంత వస్తరు. ఆ రిజిస్టర్లల్ల తండ్రి పేరు, ఊరు పేరు ఉండబట్టే మనుమలు తాతలను పట్టుకున్నరు.

ఇంకో లాభం మస్తు మందికి ఎరుకలేదు. వార్ గ్రేవ్స్ కమిషన్ లెక్కల మొదటి యుద్ధానికి 1921 ఆగస్టు 31 దాకా, రెండో యుద్ధానికి 1947 డిసెంబర్ 31 దాకా గడువున్నది. గాయంతోని ఇంటికొచ్చి, ఆ గాయం వల్లనే ఆ గడువు లోపల సచ్చిపోయినోడు సుత యుద్ధంల సచ్చినోని కిందనే లెక్క. సాక్ష్యం సూపెడ్తే ఆయన పేరు ఇయ్యాల సుత స్మారకంల ఎక్కుతది. బ్రిటన్ల వాలంటీర్లు ఇట్లనే ఇండ్లల్ల సచ్చినోళ్ల పేర్లు మస్తు పట్టుకొచ్చిండ్రు. సాక్ష్యమంటే ఏంది? ఈ కాయితంల గాయమైన మల్లయ్య, ఆ ఊర్ల సచ్చిన మల్లయ్య ఒక్కడే అని సూపెట్టుడు. మల్ల అదే లైను కాడికొస్తం, తండ్రి పేరు, ఊరు పేరు.

ఆ కమిషనే 2021ల తమ రిపోర్టుల ఒప్పుకున్నది. మొదటి యుద్ధంల సచ్చిన ఆసియా, ఆఫ్రికా వాళ్లల్ల కనీసం 1 లక్ష 16 వేల మందికి, 3 లక్షల 50 వేల మంది దాకా కావొచ్చు, పేరు మీద గుర్తు లేదు, లేదంటె అసలు గుర్తే లేదు. వాళ్లకు గుర్తు ఎందుకు లేదంటె, తెల్లోళ్ల పేర్లు రాసినట్టు వీళ్ల పేర్లు రాసి పెట్టాలని అప్పటి అధికారులకు అనిపియ్యలేదు. సచ్చినోళ్ల గతే అట్లుంటే గాయమైనోళ్ల సంగతి చెప్పేదేమున్నది.

పేర్లు రాయకుంటే ఏమైతదో మన నిర్మల్ చెప్తది. 1857 తిరుగుబాటు ఎన్కనే గోండులు, రోహిల్లాలు రామ్‌జీ గోండు ఎంట నడిచి తెల్లోళ్ల మీద, నిజాం మీద తిరగబడ్డరు. పట్టుకొని వెయ్యి మందిని ఒక్క మర్రిచెట్టుకు ఉరివెట్టిండ్రని జనం చెప్పుకుంటరు. వెయ్యి ఉరుల మర్రి అంటరు. రామ్‌జీ పేరు మిగిలింది. మిగిలినోళ్లు ఏ ఊరోళ్లు, ఎవలి బిడ్డలు? సంపినోళ్ల పల్టన్లకు, దొరలకు పేర్లున్నయి, ర్యాంకులున్నయి. సచ్చినోళ్లకు ఒక అంకె మిగిలింది. అంకెకు ఇల్లుండదు, దినం చేసేటోడుండడు.

అది 160 ఏండ్ల కిందటి సంగతి, మన చేతుల లేదు. రెండో యుద్ధంల, 1962, 65, 71ల, కార్గిల్ల గాయపడి వచ్చిన మనోళ్ల కాయితాలు మాత్రం మన చేతులనే ఉన్నయి. ఆ తాతలు పోయిండ్రు, వాళ్ల బిడ్డలు ముసలోళ్లైండ్రు. ఇంట్ల ఉన్న డిశ్చార్జి బుక్కును ఫోన్ల ఫొటో తీయుండ్రి, ముందటి పుట ఒక్కటే కాదు, అట్టతోని సహా అన్ని పుటలు. ఇంట్ల పెద్ద మనిషిని కూసోబెట్టి తాత పేరు, అవ్వ పేరు, ఇంటి పేరు, పాత ఊరు, మునిగిన ఊరు అన్నీ అడిగి ఆ ఫొటోల ఎంట రాసి పెట్టుండ్రి. ఊరి బడిల పిల్లలకు ఇదొక పనిగ చెప్తే, ఒక ఎండకాలం సెలవులల్ల ఒక మండలం పని ఒడుస్తది.